కొండ పండుగకు పోవు అతిథి

తెలుగునాట పండుగకు పిలుపు అనునది ఒక మర్యాద. పేరంటమునకు పోయినవారు గడప ముందర కాళ్ళు కడుగుకొందురు. ఇంటి పెద్దలను పలుకరింతురు. ఇచ్చిన తాంబూలము పుచ్చుకొని, చెప్పి మరలివత్తురు. పిలువని పేరంటమునకు పోయినవారిని లోకము ఏమనునో అందరు ఎరిగినదే. నాటకశాలకు పోవువాని సంగతి వేరు. అతడు టిక్కెట్టు కొనును, ఇష్టమైనంతసేపు కూర్చుండును, నచ్చనిచో లేచిపోవును. అతనిని పిలిచినవారు లేరు, అతడు చెప్పిపోవలసినవారును లేరు. ఈ రెండు పద్ధతులును కలగాపులగమై చిక్కు తెచ్చుచున్న చోటు ఒకటి కలదు. అది విశాఖపట్టణమునకు ఎగువనున్న అరకులోయ.

చలికాలము వచ్చినంతనే అరకునకు జనము బారులు తీరుదురు. పాఠశాలల విహారయాత్రలకు కూడ అదియే కాలము. రైలు టిక్కెట్టు, బస్సు టిక్కెట్టు, ప్రవేశ రుసుము చెల్లించి వచ్చినవారు తాము ప్రేక్షకులమని తలంతురు. ఎదుట దింసా ఆడుచున్నవారికి మాత్రము ఆ నేల తమ ఇల్లు, ఆ ఆట తమ పండుగ. కావున కొండ పండుగ చూడబోవువారు పెట్టెలో సర్దుకొనవలసిన వస్తువుల కంటె ముందుగా, అక్కడ తాము ప్రేక్షకులో, అతిథులో నిశ్చయించుకొనవలెను. తక్కిన జాగ్రత్తలన్నియు ఆ నిశ్చయమును బట్టియే ఏర్పడును.

దారి, ఊరు, జనము

విశాఖపట్టణమునుండి అరకు సుమారు 115 కిలోమీటర్లు. రోడ్డు శృంగవరపుకోట దాటిన పిమ్మట కనుమ ఎక్కి అనంతగిరి మీదుగా పోవును. రైలు కొత్తవలస–కిరండూలు మార్గమున పోవును. బైలదిల్లా ఇనుప ఖనిజమును జపానునకు ఎగుమతి చేయుటకై 1960 దశకమున ఈ మార్గమును కొండలు తొలిచి నిర్మించిరి. ఏబదికి పైగా సొరంగములు దాటి రైలు మీదికి ఎక్కును. దారిలోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ప్రయాణికులు లోయ అందమును తనివితీర చూచుటకు 2017లో ఈ మార్గమున అద్దాల పెట్టెను ప్రవేశపెట్టిరి. రాయి దించుటకు వేసిన దారి నేడు మనుష్యులను ఎక్కించుచున్నది.

డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి చలి మైదానమువారు ఊహించుదానికంటె మిక్కుటము. పిల్లలను తీసుకొనిపోవు ఉపాధ్యాయులు ఉన్నిబట్టలను తప్పనిసరి చేయవలెను. కనుమ మలుపులలో వాంతులగు పిల్లలకు ముందుగనే తేలిక ఆహారము పెట్టవలెను. మన్యము మలేరియాకు పేరుపడిన సీమ కావున దోమతెరలు, పూతమందులు వెంట ఉండవలెను. పండుగ దినములలో బస దొరకుట దుర్లభము. రాకపోకల టిక్కెట్లు, బస ముందుగా కుదుర్చుకొనక బయలుదేరరాదు.

అరకులోయ నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. ఈ జిల్లా 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు కేంద్రముగా ఏర్పడినది. ఇక్కడ నివసించువారిని ‘కొండవాళ్ళు’ అను ఒక్క మాటతో తేల్చివేయుట మైదానమున పరిపాటి. నిజమునకు బగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, కోదులు, పోర్జలు, గదబలు మున్నగు పెక్కు తెగలవారు ఈ కొండలలో కలిసి బ్రతుకుచున్నారు. గదబలలోనే గుతోబ్ భాష ముండా కుటుంబమునకును, ఒల్లారి భాష ద్రావిడ కుటుంబమునకును చెందినవి. కోదుల కువి భాష ద్రావిడమే. తెగకును తెగకును మాట కలుపుటకు ఆదివాసీ ఒరియా ఉపకరించును. తెలుగు పెక్కుమందికి బడిలోను, సంతలోను నేర్చిన భాష. పిల్లవాడు బస్సు దిగకముందే ఈ పేర్లు ఎరిగియుండినచో, తాను చూడబోవునది ఒక గుంపును కాదని, పలువురు ఇరుగుపొరుగువారినని గ్రహించును.

మాటలోని మర్యాద

ఇక్కడ మైదానమువారు తెలియకయే చేయు అపచారము ఒకటి కలదు. తన ఊరిలో ముసలివానిని ‘మీరు’ అనువాడు, కనుమ ఎక్కినంతనే తండ్రి వయస్సువానిని ‘నువ్వు’ అనును. తల్లి వయస్సుదానిని ‘ఏమే’ అని కేకవేయును. తెలుగులో ఏకవచన బహువచనములు వ్యాకరణ విషయములు మాత్రమే కావు, అవి కొలతకర్రలు. ఎదుటివానిని ఎంత ఎత్తున నిలిపితిమో అవి చెప్పును. ఈ భేదము తమకు తెలియదని కొండవారు ఊరకుందురనుకొనుట పొరపాటు. వారి పిల్లలు ఆశ్రమ పాఠశాలలలో చదువుచున్నారు. ఆ వ్యాకరణమే నేర్చుకొనుచున్నారు. ‘అయ్యా, అమ్మా, మీరు’ అను మూడు మాటలు మోయుటకు బరువు లేనివి. యాత్రికుడు వాటిని మరచిపోరాదు.

భాష విషయమున ఉపాధ్యాయులకు ఆదర్శము తెలుగునాటనే కలదు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా ఏటేట బడులలో జరుపుచున్నారు. గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) అరకునకు ఈశాన్యముననున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ ప్రాంతపు కొండలలోని సవరల భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. ఆయన సవరభాష ఎరిగినవారిని తన ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకొనెను, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకములు వ్రాసెను, బడులు నెలకొల్పెను, 1931లో సవర వ్యాకరణమును, పిదప నిఘంటువులను వెలువరించెను. కొండవారికి తన భాష నేర్పుటకు ముందు వారి భాష తాను నేర్చుకొనవలెనని తలచిన ఉపాధ్యాయుడాయన. ఒక దినము యాత్రకు పోవువారు వ్యాకరణము వ్రాయనక్కరలేదు. పది మాటలు అడిగి, పలకపై వ్రాసుకొని, తప్పో ఒప్పో పలికినను చాలును. ఆ ఊరివారు నవ్వుదురు. ఆ నవ్వుతో సగము దూరము తరిగిపోవును.

రెండు విధముల పండుగలు

అరకు ప్రాంతమున పండుగలు రెండు విధములు. ప్రభుత్వము బయటివారికై ఏర్పాటు చేయునది ఒక విధము. 2025లో జనవరి 31 మొదలు ఫిబ్రవరి 2 వరకు జరిగిన చలి ఉత్సవము అట్టిది. ఇందు వేదిక ఉండును, దీపములు ఉండును, కార్యక్రమ పత్రము ఉండును. అక్కడ చప్పట్లు చరచుట, ఛాయాచిత్రములు తీయుట వింత కాదు; ఆడువారును ప్రదర్శనమని ఎరిగియే వత్తురు.

ఊరివారు తమకై తాము జరుపుకొనునది రెండవ విధము. చైత్రమాసమున వచ్చు ఇటుకల పండుగ, మే నెలలో పాడేరున జరుగు మోదకొండమ్మ జాతర, కొత్త పంటలు ఇల్లు చేరునప్పటి కొత్తల పండుగలు ఈ కోవలోనివి. వీటికి కార్యక్రమ పత్రము లేదు. ఊరి పెద్దలు నిర్ణయించిన దినమున అవి ఆరంభమగును. కొత్త ఫలమును దైవమునకు అర్పింపక ముందు తినరాదను నియమము పాటించు ఊళ్ళు కలవు. దారిపక్క చెట్టున మామిడికాయ కనబడినదని కోసుకొను యాత్రికుడు, నైవేద్యము పెట్టకముందే వంటయింట చేయి పెట్టినవానితో సమానుడు. ఇట్టి పండుగకు పోవలెననిన ముందుగా ఆ ఊరివారిని ఎవరినైన అడిగి, రమ్మన్న పిమ్మటనే పోవలెను. స్థానిక పాఠశాల ప్రధానోపాధ్యాయునకు ఒక ఉత్తరము వ్రాయుట అన్నిటికంటె సులభమైన మార్గము. రావద్దన్నచో నొచ్చుకొనరాదు. ఎవరి ఇంటనైన కొన్ని పూజలు తలుపు మూసియే జరుగును గదా!

ఇటుకల పండుగ దినములలో కనుమ దారిని పోవువారికి ఒక అనుభవము తప్పదు. స్త్రీలు దారికి అడ్డముగా కర్ర పట్టుకొని నిలిచి, పాటలు పాడుచు, వచ్చిపోవువారిని పైకము అడుగుదురు. దీనిని పజోరు అందురు. సంగతి తెలియనివారు దీనిని దౌర్జన్యమని భావించి కేకలువేయుదురు. మోటారు బండి వేగము పెంచుదురు. సంక్రాంతికి గుమ్మము ముందు నిలిచిన హరిదాసునకు బియ్యము పోయు చేతికి ఇది కొత్తగా తోచనక్కరలేదు. చిల్లర కొంత వేరుగా ఉంచుకొని, నవ్వుచు ఇచ్చి, పాట ఒకటి విని ముందుకు సాగుట మర్యాద.

అదే పండుగలో పురుషులు అడవికి వేటకు పోవుట పూర్వాచారము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, ఈ ఆచారమును రెండింటిని పిల్లలకు వివరించవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది. ఆచారమును వెక్కిరింపరాదు, వేట మాంసము రుచి చూచెదమని యాత్రికులు అడుగుటయు తగదు. అడుగువాడు లేనిచో అమ్మువాడు ఉండడు.

దింసా వరుస

పండుగ ఏదైనను అరకులోయలో దింసా లేక నిండదు. స్త్రీలు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు పెనవేసుకొని వరుసగా నిలుతురు. తుడుము, డప్పు, కిరిడి, మోరి మ్రోగును. అడుగులు ముందుకు, వెనుకకు పడుచు, వరుస పాము వలె మెలికలు తిరిగి చుట్టుకొని మరల విడివడును. చూచువారికి ఇది ఒకే ఆట వలె కనబడును గాని ఇందు పెక్కు భేదములు కలవు. బోడ దింసా గ్రామదేవత పూజలోనిది. పోతర్ తోలా ఆకులు కోయుటను చూపును. బాగ్ దింసా పులి వాత పడకుండ తప్పించుకొను నేర్పును అభినయించును. గొడ్డి బేటలో ముందుకు వంగి లేచుచు ఇరువదియైదు అడుగులు పోయి, అట్లే వెనుకకు వత్తురు. కుండ దింసాలో ఊగుచు భుజములతో ఒకరినొకరు నెట్టుకొందురు. బయా దింసా పూనకము వచ్చిన గణాచారి ఆట. పులి, ఆకు, దేవత, వైద్యము అన్నియు అడుగులలో ఇమిడిన ఈ ఆటను ఒక పాఠ్యపుస్తకమని చెప్పినను తప్పులేదు.

అతిథులు ఈ ఆటలో చేరరాదా? చేరవచ్చును. చేరు పద్ధతి మాత్రము ఉన్నది. పండుగ దినములలో ఒక ఊరి ఆటగాండ్రు మరియొక ఊరికి పోయి, అక్కడివారితో కలిసి భోజనము చేసి, ఆ పిదప కలిసి ఆడుట ఈ కొండలలో ఆచారము. దీనికి సంకిడి కెల్బార్ అని పేరు. ఊరికి ఊరికి నడుమ స్నేహము నిలుపుట దీని ప్రయోజనము. పరాయి పండుగకు ఎట్లు పోవలెనను ప్రశ్నకు కొండవారు తమలో తాము ఎన్నడో సమాధానము చెప్పుకొనియున్నారు: వచ్చినవారు కలిసి తినవలెను, పిదప కలిసి ఆడవలెను. యాత్రికులలో కొందరు ఈ క్రమమును తలక్రిందులు చేయుదురు. తినునది తమ బసలో, తమవారితో. ఆడువారిని మాత్రము రాత్రి చలిమంట దగ్గరకు రప్పింతురు. నడుమ వరుసను త్రెంచి దూరి, అడుగు తెలియకయే గెంతుదురు, నోట్లు విసరుదురు. విసరిన నోటు ఎంత పెద్దదైనను వంగి ఏరుకొనువారికి అది చిన్నదే.

ఆటకు ప్రతిఫలము ఇచ్చుట తప్పుకాదు, ఇవ్వకుండుటయే తప్పు. పగలంత పొలములో పనిచేసి రాత్రి ఆడువారి శ్రమకు విలువ కట్టవలసినదే. కాని ఎంత ఇచ్చునదియు, ఎంతసేపు ఆడునదియు ముందుగా జట్టు పెద్దతో మాట్లాడి, ఆ పైకము జట్టు చేతికే ఇయ్యవలెను. బస యజమాని ద్వారా ఏర్పాటైనచో, అందులో ఆడువారికి ఎంత ముట్టునని అడుగుటకు యాత్రికుడు సంకోచింపరాదు. వరుసలో చేరగోరువారు చివర నిలిచి, అనుమతి అడిగి, ప్రక్కవారి అడుగును చూచి అడుగు వేయవలెను. సారా, కల్లు కానుకగా తీసుకొనిపోరాదు. వారు జీలుగు కల్లు ఇచ్చినపుడు వద్దనుకొన్నవారు చేతులు జోడించి వద్దనిన చాలును, ముఖము చిట్లించనక్కరలేదు.

కన్ను, కెమెరా

నేడు ప్రతివాని చేతిలోను ఫోను రూపమున ఒక కెమెరా ఉన్నది. అరకులోని గిరిజన ప్రదర్శనశాలలో బొమ్మలున్నవి. వాటిని ఎంతసేపైన చూడవచ్చును, బొమ్మకు సిగ్గులేదు. ఊరిలోనివారు బొమ్మలు కారు. ఇంటి అరుగుపై బిడ్డకు పాలిచ్చు తల్లిని, స్నానము చేయు పిల్లను, పూనకమున ఉన్నవారిని ఛాయాచిత్రము తీయుట ఏ ఊరిలోనైన దోషమే. మనుష్యుని చూడదగిన వస్తువుగా మార్చినచో ఎంత దూరము పోవునో చరిత్ర చూపినది. 1931లో పారిస్ నగరమున వలసరాజ్యముల ప్రదర్శనము జరిగిన కాలమున న్యూ కాలెడోనియా ద్వీపమునుండి కనక్ జాతివారిని రప్పించి, నరమాంస భక్షకులని చెప్పి ఉద్యానవనమున చూపిరి. వారిలో కొందరిని మొసళ్ళకు మారుగా జర్మనీకి పంపిరి. అది పాతకాలపు మాట అనుటకు వీలులేదు. 2012 జనవరిలో అండమాను దీవులలో జారవా స్త్రీలచే, తిండి ఆశచూపి, యాత్రికుల ముందు ఆడించిన దృశ్యములు ఒక ఆంగ్ల పత్రిక ద్వారా బయటపడి దేశమంతట సంచలనము రేపినవి. అక్కడ కెమెరా పట్టినవారు రాక్షసులు కారు. సెలవులకు పోయిన సామాన్య కుటుంబీకులు.

మరియొక దారియు లోకములో ఉన్నది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రమున ప్యూబ్లో తెగల గ్రామములు తమ పండుగ నృత్యములకు బయటివారిని రానిచ్చును. కాని పెక్కు గ్రామములలో ఛాయాచిత్రములు నిషిద్ధములు. నృత్యము ముగిసినపుడు చప్పట్లు చరువరాదు. ఏలయనగా అది ప్రదర్శనము కాదు, ప్రార్థన. ఆ నియమము వ్రాసినది గ్రామమే, పాటించునది అతిథి. అరకు ఊళ్ళలో అట్టి పలక కనబడకపోవచ్చును. పలక లేనిచోట అడుగుటయే నియమము. అడిగి తీసిన చిత్రము ప్రతిని ఆ ఇంటికి పంపినచో ఆ స్నేహము మరుసటి ఏటికి కూడ నిలుచును.

వచ్చినవారు మరలిపోవుట

ఇన్ని జాగ్రత్తలు దేనికని ఎవరైన అడుగవచ్చును. దానికి సమాధానము ఈ కొండల చరిత్రలో ఉన్నది. మన్యమునకు వచ్చిన పరాయివారిలో పెక్కుమంది మరలిపోలేదు. ఉప్పు, బట్ట అమ్మవచ్చిన షావుకారు అప్పు పెట్టి భూమి పుచ్చుకొనెను. ఇది ఎంత దూరము పోయెననగా, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేత పడకుండ 1917లోనే ఒక చట్టము అవసరమైనది. 1922–24 సంవత్సరములలో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున గూడెము ప్రాంతపు మన్యము తిరుగబడుటకు, దారులు వేయుటలో సరియైన కూలి లేక చేయించిన చాకిరి ఒక కారణము. 1959లో మరియొక నిబంధన, దానికి సవరణగా 1970లో 1/70 నిబంధన వచ్చినవి. అనంతగిరి మండలమున, బొర్రా ప్రాంతపు గనుల కౌలు విషయమై ‘సమత’ అను సంస్థ వేసిన వ్యాజ్యములో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతపు భూములను ప్రభుత్వము సైతము గిరిజనేతరులకు కౌలుకు ఇయ్యరాదని తీర్పు చెప్పినది. కాబట్టి లోయ అందమునకు మురిసి ‘ఇచ్చట గజము ధర ఎంత?’ అని అడుగు యాత్రికుడు, తానెరుగకయే ఒక పాత గాయమును తాకుచున్నాడు. చూడవచ్చినవాడు చూచి మరలిపోవునను నమ్మకము కలిగినపుడే ఇంటివారు తలుపు తీయుదురు.

కొనదలచినవారికి కొనవలసినవి ఉన్నవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ విక్రయశాలలలో తేనె, చింతపండు, కుంకుడుకాయలు దొరకును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీ గింజ ఈ కొండవారి చెమట ఫలము. సంతలో తట్ట ముందు కూర్చున్న స్త్రీతో బేరము చేయునపుడు, ఆమె ఆ తట్టను ఎన్ని మెట్టలు దాటి తలపై మోసుకొని వచ్చెనో తలంచవలెను. ఒక దుకాణమున మారు మాటాడక అచ్చువేసిన ధర చెల్లించువాడు, ఇక్కడ రెండు రూపాయలకై పెనుగులాడుట న్యాయము కాదు. ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఎవరు తెచ్చినవి వారే క్రిందికి తీసుకొనిపోవలెను.

చివరగా ఉపాధ్యాయులకు ఒక్క సూచన. విహారయాత్రకు పిల్లలను సిద్ధము చేయునపుడు, వారు చూడబోవు వింతలతో పాటు, వారు ఇచ్చి రావలసినది ఏదియో కూడ నిర్ణయించవలెను. కోలాటము వచ్చిన పిల్లలు కోలాటము ఆడవచ్చును. పద్యము వచ్చినవారు పద్యము చదువవచ్చును. అక్కడి ఆశ్రమ పాఠశాల పిల్లలను తమ ఊరి ఉత్సవమునకు పిలువవచ్చును. సంకిడి కెల్బార్‌లో ఈ ఏడు పోయిన ఊరు అతిథి. అతిథులను పిలిచిన ఊరు ఇంటివారు. మరియొక పండుగకు ఈ పాత్రలు తారుమారగును. మైదానము ఇంతవరకు కొండ పండుగకు పోవుచునే ఉన్నది. కొండ పిల్లలు కనుమ దిగి సంక్రాంతికో, బడి వార్షికోత్సవమునకో అతిథులుగా వచ్చి, ముందు వరుసలో కూర్చుండి, పిదప అందరితో కలిసి భోజనము చేయు దినము ఎన్ని బడులకు వచ్చినదో ఉపాధ్యాయులు ఆలోచించవలెను. ఆ పిలుపు పంపుటకు ఒక కార్డు చాలును.